ప, బ, మ

పోయిన వారం మూకీ ఇంటి గుమ్మం దగ్గర ఆగాం. ఎవరో అరచేత్తో తలుపు బాదుతుంటే ఆ అదురు నేల గుండా పాదాలకి తెలిసి, ఆమె వెళ్ళి గడియ తీసింది. బట్టల కంపెనీ గేటు పక్కన బోర్డు మీద 'దొంగ' అన్న మాట కింద ఏ మొహం అంటించి ఉందో ఆ మొహమే ఎదురుగా నిలబడి ఉంది. చంకలో పసిపిల్ల, చేతిలో పాలసీసా.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మూకీకి చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట మాత్రం మిగిలింది. తల్లి ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్పింది. ఇప్పుడు కూడు పెడుతున్నది ఆ విద్యే. కంపెనీలో ఏ గోడ చూసినా కెమెరాలే, కానీ వాటికి కళ్ళే తప్ప చెవుల్లేవు. ఆ లోటు ఈమె తీరుస్తుంది. మిషన్ల దగ్గర, మెట్ల మీద, మంచినీళ్ళ దగ్గర పనివాళ్ళు ఏం గుసగుసలాడుకుంటున్నారో తెర మీద చూసి పైవాళ్ళకి చెప్పడం ఆమె ఉద్యోగం. శబ్దం లేని బొమ్మలు చూస్తుంది కాబట్టి మూకీ అని పేరు పెట్టారు. మొదట్లో ముద్దుగానే పిలిచేవాళ్ళు. ఆమె చేసేదేమిటో తెలిశాక అదే పేరుని ఉమ్మినట్టు పలుకుతున్నారు, అదీ ఆమెకి కనబడుతూనే ఉంది.

గుండీల మిషను మీద పనిచేసే ఈ పిల్లని దొంగని చేసింది మూకీ చదివిన ఒక్క వాక్యం. "మాలు కూలరు వెనక దాచాను, ఎవరికీ చెప్పకు." కుట్టి, మడతపెట్టి, పెట్టెల్లోకి ఎక్కే సరుకుని కంపెనీలో అందరూ మాలు అనే అంటారు. ఇంకేం కావాలి? సాయంత్రానికి ఉద్యోగం ఊడింది, గేటు దగ్గర ఫొటో వెలిసింది. రేపు ఆ ఫొటో ఆ వీధిలోని కంపెనీలన్నిటికీ వెళ్తుంది. వెళ్ళిందంటే ఆ పిల్లకి ఇక ఏ గేటూ తెరుచుకోదు.

గుండీల పిల్ల దెబ్బలాడ్డానికే వచ్చింది. దారి పొడుగునా కూడగట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారే బయటికి తోసుకురావడంతో ఏదీ సరిగా రాలేదు. పైగా తల వంచుకుని, చంకలో పిల్ల నెత్తి మీదుగా మాట్లాడుతోంది. మూకీకి ఆ పిల్ల పాపిట తప్ప ఇంకేమీ కనబడలేదు.

"మొహం ఎత్తి తిట్టు. కిందికి చూసి తిడితే నాకు అందవు," అంది మూకీ.

ఆ పిల్ల మొహం ఎత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. పెదాలు మాత్రం స్పష్టంగానే కదిలాయి.

"మాలు అక్కా! నేను దాచింది మాలు!"

"మాలేగా! నేనూ అదే చెప్పాను. నువ్వనని మాట ఒక్కటి కూడా కలపలేదు."

ఆ పిల్ల చేతిలో సీసా ఎత్తి మూకీ ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టింది. అడుగున తెల్లగా కొంచెం తొణికింది.

"ఇవి అక్కా. ఇవి దాచాను," అని, వేలితో సీసా మీద కొడుతూ మళ్ళీ ఆ మాటే అంది.

పెదాలు కలిశాయి, విడిపోయాయి, నాలిక పైకి తగిలింది. మూకీ తన నోటి మీద వేళ్ళు పెట్టుకుని ముందు ఒక మాట పలికింది, తర్వాత ఇంకో మాట పలికింది. వేళ్ళ కింద పెదాలు రెండుసార్లూ ఒకేలా కదిలాయి.

పాలు. మాలు.

ఇది ఆమెకి తెలియని సంగతి కాదు. తల్లి చెప్పిన మొట్టమొదటి పాఠమే ఇది. అమ్మ అన్నా, అబ్బ అన్నా, అప్ప అన్నా పెదాలు ఒకేలా మూసుకుంటాయి. ముక్కు మీద వేలేస్తే మ దొరుకుతుంది, గొంతు మీద చెయ్యేస్తే బ దొరుకుతుంది, కళ్ళకి మాత్రం మూడూ ఒకటే. అందుకే తల్లి గడ్డం పట్టుకుని మరీ చెప్పేది: పెదాలు చూసి ఊరుకోకు, ఎవరంటున్నారు, ఎక్కడున్నారు, చేతిలో ఏముంది, అన్నీ చూసి అప్పుడు అనుకో. ఇంట్లో, వీధిలో, బస్సులో మూకీ ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చింది. కంపెనీలో మాత్రం ఆమెకి మనుషుల్ని చూపించరు. మూతుల్ని కత్తిరించి ఇస్తారు. తెర నిండా ఒక నోరు, అంతే. మిగతాది నీకెందుకు చెల్లెమ్మా, మర్యాద కాదు అని ఆఫీసరు మొదటిరోజే చెప్పాడు. నిజమే కాబోలు, ఎంత పద్ధతైన మనిషి అనుకుంది అప్పుడు. ఆ నోరు ఎవరిదో కూడా అడగలేదు.

"పాలు ఎందుకు దాచావ్?" అంది నెమ్మదిగా.

ఆ పిల్ల చెప్పింది. బిడ్డని పక్కింటావిడ దగ్గర వదిలి పనికి వస్తుంది. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి రొమ్ములు సలుపుతాయి, జాకెట్టు తడిసిపోతుంది. కుడుతున్న చొక్కా మీద మరక పడితే జీతంలో కోస్తారు. అందుకని ఆడవాళ్ళ విశ్రాంతి గదిలోకి వెళ్ళి సీసాలోకి పిండుకుంది. మిషన్ల దగ్గరికి సీసాలు తేనివ్వరు. మంచినీళ్ళ కూలరు వెనక తడికి చల్లగా ఉంటుంది కదా అని అక్కడ పెట్టి, గదిలోకి తిరిగొచ్చి పక్క మిషను పిల్లతో ఆ సంగతే అంది.

"ఆ గదిలో చెప్పుకున్న మాట వాళ్ళకెలా తెలిసిందక్కా? అక్కడ కెమెరా లేదు కదా. బోర్డు కూడా పెట్టారు."

మూకీ ఆ ప్రశ్న నుంచి మొహం తప్పించుకోవడానికి చేతులు చాచింది. "పాపని నాకియ్యి."

ఆ పిల్ల అయోమయంగా చూసింది. "ఎవరినక్కా?"

కంగారు పడితే మూకీ గొంతులో ప కాస్తా మ అయిపోతుంది. మామని నాకియ్యి అని వినబడి ఉంటుంది. తన గొంతు తనకి తెలియదు కాబట్టి ఎదుటివాళ్ళ మొహం చూసే దిద్దుకోవాలి. బడిలో ఈ ఒక్క సంగతి మీద పిల్లలు ఆమెని ఎంత ఏడిపించారో చెప్పక్కర్లేదు. ఈసారి నిదానంగా, గాలి గట్టిగా వదిలి, "పాపని" అంది. ఆ పిల్ల ఏడుపులోనే ఫక్కున నవ్వి బిడ్డని అందించింది.

బిడ్డ అప్పటికే నిద్రకి తూగుతోంది. లోపల మంచం మీద పడుకోబెట్టి, అటూ ఇటూ దిండ్లు పెట్టింది మూకీ. "ఈ మధ్యే బోర్లా పడుతోందక్కా, మెలకువొస్తే ఆగదు, చూస్తూ ఉండాలి," అంటూ ఆ పిల్ల ఇంకో దిండు ఆనించింది.

మూకీ చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చింది. మొగుడు లారీ మీద వెళ్ళాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. సీసా పట్టుకుని తనకంటే ముందే మెట్టు మీదికి దిగిన పిల్లని చూసి, వీధి వైపు మొహం పెట్టి నిలబడి, నమ్మకంగా చెప్పింది: "ఎండకి విరిగిపోతాయి. ఆ పాలు మా ఇంట్లో పెట్టు. ఇక్కడ నిన్నెవరూ చూడరు. ఆ ఫొటో పీకించే వస్తాను."

ఎదురుగా దీపం స్తంభానికి తెల్లటి గుండ్రటి బుడ్డి ఒకటి కొత్తగా వేలాడుతోంది. బల్బు మార్చారు కాబోలు అనుకుని మూకీ గబగబా నడిచింది.

కంపెనీలో భద్రత చూసే ఆఫీసరుని అందరూ అయ్యోసారు అంటారు. ఎవరి ఉద్యోగం ఊడినా, ఎవరి జీతం కోసినా, ఎవరి వేలు సూది కింద నలిగినా ముందు అయ్యో అంటాడు. తర్వాత చెయ్యాల్సింది చేస్తాడు. మీసాలు తీసేశాడు, అదీ మూకీ సౌకర్యం కోసమేనట. చూశావా చెల్లెమ్మా, నీ కోసం మీసాలు తీసేశాను అని నలుగురిలోనూ చెప్పుకుంటాడు.

మీకూ నాకూ నచ్చని మనిషి మాట్లాడుతుంటే మనం కిటికీలోంచి బయటికి చూడొచ్చు. గోడ మీద బల్లిని చూడొచ్చు. మూకీకి ఆ అదృష్టం లేదు. మాట కావాలంటే ఆ నోరే చూడాలి. అప్పుడాయన టీలో బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. నానిన ముద్ద నాలిక మీద ఇటు నుంచి అటు దొర్లుతోంది, పెదవి మూలన తడిపొడి పేరుకుంది, పైపంటికి ఒక పలుకు అతుక్కుని ఉంది. ఆ మూలనున్నదాన్ని నాలికతో వెతుక్కుంటూ రమ్మని చెయ్యూపాడు. ఆమె అయినా కళ్ళు అక్కడే పెట్టింది.

"సార్, నేను తప్పు చదివాను. ఆ పిల్ల అన్నది మాలు కాదు, పాలు."

"అయ్యో," అన్నాడు.

"బిడ్డకి పాలు సార్. పనిలో ఉండగా పిండుకుని కూలరు వెనక పెట్టుకుంది. దొంగతనం ఏమీ లేదు. ఆ ఫొటో తీయించెయ్యండి."

ఆయన ఇంకో బిస్కెట్టు ముంచాడు. మెత్తబడేదాకా ఆగి, నోట్లో వేసుకుని, ముద్ద ఒక బుగ్గలోకి తోసి అన్నాడు: "తెలుసు చెల్లెమ్మా."

మూకీ తను సరిగా చూడలేదనుకుంది. "ఏమన్నారు?"

"తెలుసు అన్నాను."

ఆ మాటలో ప లేదు, బ లేదు, మ లేదు. పొరబడటానికి వీల్లేదు.

"కూలరు వెనక సీసానే దొరికింది. నేనే దగ్గరుండి సింకులో ఒంపించేశాను. మంచినీళ్ళ దగ్గర అలాంటివి ఉంచకూడదు కదమ్మా, శుభ్రత ముఖ్యం."

తల్లి ఒంట్లోంచి పిండుకున్న పాలు సింకులో పోయించినవాడు, మూతి తుడుచుకోవడం చేతకానివాడు, శుభ్రత గురించి చెబుతున్నాడు. ఆమె అరచెయ్యి మండింది. చెంప మీద ఒక్కటి వెయ్యడానికి బల్ల అడ్డం ఉంది, అదీ మరీ పెద్ద బల్లేం కాదు.

"తెలిసి మరి దొంగ అని ఎందుకు అంటించారు?"

"అయ్యో, నేను అంటించడమేమిటి? నువ్వు చెప్పిందే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు." పొద్దున గుమ్మంలో మూకీ అన్న మాటే ఈ నోట్లోంచి వచ్చింది. "ఇంతకీ కెమెరాలు పెట్టిన దగ్గర్నుంచి ఒక్క దొంగ దొరకలేదమ్మా. కంపెనీ పెద్దాయన రోజూ అడుగుతున్నాడు, ఇన్ని కళ్ళు పెట్టుకుని ఏం చూస్తున్నావయ్యా అని. ఎవరో ఒకళ్ళు దొరకాలా వద్దా? దొరక్కపోతే ఇవన్నీ దేనికి అంటాడు. నేను దేనికి అంటాడు. చివరికి నువ్వు దేనికి అంటాడు."

"ప, బ, మ మూడూ పెదాల మీద ఒకటే సార్. ఒట్టి మూతి చూసి ఏది అన్నారో చెప్పలేం. ఇకనుంచి నేను చదివినవాటిని అసలు నమ్మకండి."

ఆయన మొహం వికసించింది. "అయ్యో, అయితే మరీ మంచిది. మనకి ఏది కావాలంటే అదన్నమాట!"

చూశారా మనిషిని! ఆమె తన విద్యలో ఉన్న లోటు, ఇన్నాళ్ళూ సిగ్గుతో దాచుకున్నది, బయటపెట్టి బతిమాలుకుంటుంటే, ఆయనకి అందులో సదుపాయం కనబడింది. కూరగాయల బండి దగ్గర కొసరు దొరికినవాడు కూడా అంత సంబరపడడు.

"ఆ బొమ్మ నాకు చూపించండి," అంది మూకీ. "మూతి కాదు. మొత్తం."

సందేహిస్తాడనుకుంది. కనీసం నీళ్ళు నమలాల్సింది. ఆయన బిస్కెట్టు పొడి చొక్కాకి తుడుచుకుని, కొత్త చీర చూపించే దుకాణదారు ఉత్సాహంతో తెర ఇటు తిప్పాడు.

ఆడవాళ్ళ విశ్రాంతి గది. చెక్క బెంచీలు, కొక్కేలకి సంచులు, గోడకి అద్దం. మూలగా, గోడ వైపు ఒదిగి గుండీల పిల్ల కూర్చుని ఉంది. పైట తీసి భుజం చుట్టూ కప్పుకుంది. ఎవరూ లేరు కదా అన్న ధీమాతో సగమే కప్పుకుంది. ఒక సీసా దాచొచ్చి, రెండోది పట్టుకుని నొప్పికి మొహం చిట్లించి, పక్క మిషను పిల్ల తలుపు తోసుకుని రాగానే తల తిప్పి ఏదో చెప్పి నవ్వింది. పాలు కూలరు వెనక దాచాను, ఎవరికీ చెప్పకు. ఇప్పుడు మొత్తం కనబడుతుంటే అది మాలు అని గుడ్డివాడు కూడా అనడు.

మూకీ తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్ల మీద గుడ్డ కప్పినట్టు పెట్టింది.

"చెయ్యి తీ, మరకలు పడతాయి," అన్నాడాయన.

ఆమె కళ్ళు ఆ బొమ్మ అంచుల వెంట వెతుకుతున్నాయి. ఎక్కడినుంచి చూస్తోంది ఇది? తలుపు ఎదురుగా, కొక్కేల పైన, గదిలోకి వచ్చిన ప్రతి మనిషీ తలెత్తి చూసే ఎత్తులో. అక్కడ ఉన్నది ఒక్కటే. నీలం అక్షరాల బోర్డు. 'ఇక్కడ కెమెరా లేదు'. తనూ ఆ గదిలో చీర మార్చుకుంది. వానకి తడిసిన రోజున జాకెట్టు విప్పి పిండుకుంది. ఆ బోర్డు చదువుకుని, కుదుటపడి, మరీ విప్పుకుంది.

"బోర్డులోనా?" అంది. "లేదు అన్న బోర్డులోనే పెట్టారా?"

"'లేదు'లో లే పక్కన మేకు ఉంటుంది చూడు, అది మేకు కాదు." ఆ తెలివికి తనే మురిసిపోయాడు. "అందరూ అటే చూస్తారు కదా, మొహాలు బాగా వస్తాయి."

"మీరు ఇవన్నీ కూర్చుని చూస్తారా?"

"చూడటం నా ఉద్యోగం, చదవటం నీ ఉద్యోగం. ఏమైనా వేరే ఉద్దేశంతో చూస్తానా? వాళ్ళంతా నాకు చెల్లెళ్ళే."

చెల్లెళ్ళట. థూ! ఆ మాట పట్టుకోవడానికి ఆ నోరు చూడాల్సి వచ్చినందుకు మూకీ తన కళ్ళని తనే అసహ్యించుకుంది. చెవులు పోయిన రోజున తల్లి ఏడ్చిందట. ఈ నోటి మాట చెవిన పడకుండా పోయినందుకు ఇవాళ మొదటిసారి అవి పోవడమే నయమనిపించింది.

"ఫొటో తీయించండి," అంది. గొంతు ఎంత పెద్దదయిందో ఆమెకి తెలియదు, గాజు తలుపు అవతల గుమాస్తా ఉలిక్కిపడి చూడటం మాత్రం కనబడింది. "ఇప్పుడే తీయించండి. లేకపోతే కిందికి వెళ్ళి ఒక్కో మిషను దగ్గరా నిలబడి ఆ బోర్డులో ఏముందో చెప్తాను. వాళ్ళే వచ్చి పీకుతారు. బోర్డూ పీకుతారు, మిమ్మల్నీ పీకుతారు."

ఆయన నమలడం ఆపాడు. ఆ నోరు ఊరికే ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి నవ్వాడు. "కోపం వద్దు చెల్లెమ్మా. కూర్చో. నువ్వు రోజూ కూర్చునే చోటే కూర్చో. నీకొకటి చూపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. మధ్యాహ్నం పెద్దాయనకి ఎలాగూ చూపిస్తున్నాం, ముందు నువ్వే చూడు."

తెర మీద ఇంకో మొహం వచ్చింది. కొంచెం పైనుంచి, దగ్గరగా తీసింది. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి, పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఎవరీ పిచ్చిది అనుకుంది మూకీ, ఆ తర్వాత తనే అని పోల్చుకుంది. చదువుకునేటప్పుడు చిన్నపిల్లలు పెదాలు కదిపినట్టు, తెర మీద నోరు ఏమంటే తన నోరూ అదే అంటుంది. చిన్నప్పటి అలవాటు. ఆమె బల్ల మీద దీపానికి ఒక చిన్న కన్ను ఉందని ఆమెకి తెలుసు. నీ క్షేమం కోసం అన్నారు, సరే అంది.

"నువ్వు వాళ్ళని చదువుతుంటే, ఇది నిన్ను చదివింది," అన్నాడాయన, కంప్యూటరు నెత్తి నిమురుతూ. "ఏ పెదవికి ఏ మాటో నీ దగ్గరే నేర్చుకుంది. బంగారంలాంటి బుర్ర. రేపటినుంచి వీధిలో ఉన్న కంపెనీలన్నిటికీ ఇదే. నీలా కోప్పడదు, సెలవు అడగదు, బోర్డుల గురించి మాట్లాడదు."

తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి. మిషన్ల దగ్గర, మెట్ల మీద ఎవరెవరో అంటున్నవి. వాటి మధ్య ఒక మాట ఎర్రగా వెలిగి ఆరుతోంది. మాలు. మళ్ళీ మాలు. పొద్దున పాలవాడు రాలేదన్నవాళ్ళూ, పాలు పొంగిపోయాయన్నవాళ్ళూ, పిల్లాడు పాలు కక్కుకున్నాడని వాపోయినవాళ్ళూ ఎందరో, అందరూ దొంగల జాబితాలోకి వెళ్తున్నారు. తను చేసిన ఒక్క తప్పు అక్కడ గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తోంది.

"ఇది చూడు," అన్నాడు.

ఒక వీధి. ఒక గుమ్మం. అది మూకీ గుమ్మమే. ఆమె వీధి వైపు మొహం పెట్టి నిలబడి ఉంది, ఎదురుగా మెట్టు మీద ఒక ఆడపిల్ల వీపు. తెల్లటి బుడ్డి గుర్తొచ్చింది మూకీకి. వీధి క్షేమం కోసం కంపెనీ బహుకరించిందమ్మా అంటున్నాడాయన. బొమ్మలో మూకీ పెదాలు కదిలాయి, అడుగున అక్షరాలు వచ్చాయి.

'ఆ మాలు మా ఇంట్లో పెట్టు. ఇక్కడ నిన్నెవరూ చూడరు.'

"పాలు!" అంది మూకీ. "పాలు అన్నాను!"

"అయ్యో. దానికి నేర్పింది నువ్వే కదా." ఆయన జాలిగా తలాడించాడు. "దొంగమాలు దాచిన ఇల్లు అన్నాక సోదా చెయ్యాలి. మనవాళ్ళు వెళ్ళారు. ఇక నువ్వు కిందికి వెళ్ళి ఎవరికి ఏం చెప్పినా, చెబుతున్నది ఎవరు, దొంగకి తోడుదొంగ. చెప్పుకో."

బొమ్మ మారింది. అదే గుమ్మం, ఇప్పటి ఎండ. యూనిఫాం వేసుకున్న ఇద్దరు గుండీల పిల్లని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారు. ఒకడి చేతిలో పాలసీసా ఉంది. రెండోవాడు తలుపు దగ్గరికి లాగి తాళం వేశాడు. ఆ పిల్ల తలుపు మీద పడి రెండు చేతులతో బాదింది, వాళ్ళు వెనక్కి లాగేసరికి వీధి వైపు తిరిగింది. నోరు మూసుకుని తెరుచుకుంది. మళ్ళీ మూసుకుని తెరుచుకుంది.

మూకీకి ఏ అక్షరాలూ అక్కర్లేకపోయింది. ఎవరంటున్నారు, ఎక్కడున్నారు, తలుపు అవతల ఏముంది, అన్నీ ఆమెకి తెలుసు.

తెర అడుగున వచ్చింది: 'మామ లోపల ఉంది.'

అయ్యోసారు అది చదివి కనుబొమలు ఎగరేశాడు. "మామ అయితే ఉన్నాడు అనాలి కదా. ఉంది అంటోందేమిటి?" గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత ఆయన మొహం చేటంత అయింది. "మనిషి కాదు! సరుకుకి పెట్టుకున్న పేరు! మామ అంట, చూశావా ఎంత గడుసువాళ్ళో!"

ఫోను తీసుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆమెకి తెలియకూడని మాట ఏదైనా ఉంటే అలా వీపు తిప్పేస్తాడు. ఆమె చూడటానికి ఒక వీపే మిగులుతుంది. కానీ కిటికీకి నల్ల అద్దం ఉంది, అందులో ఆ నోరు తిరగబడి, మసగ్గా కదులుతోంది. మూకీ కళ్ళు చిట్లించి చదివింది.

"తాళం తియ్యొద్దు. లోపలికి ఎవర్నీ పోనివ్వొద్దు. పెద్దాయన ఎదురుగానే తెరుద్దాం. భోజనాలయ్యాక వస్తాం."

భోజనాలయ్యాక. మంచం మీద అటొక దిండు, ఇటు రెండు దిండ్లు. మెలకువొస్తే ఆగదు, చూస్తూ ఉండాలి. చూస్తూ ఉండాల్సిన మనిషి వీధిలో గుండెలు బాదుకుంటోంది. ఇంతమంది చూస్తున్నారు, ఇన్ని కళ్ళు పెట్టారు, ఆ మంచం దగ్గర మాత్రం ఒక్క కన్ను లేదు.

మూకీ బల్ల మీదుగా వంగి ఆయన చొక్కా పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఒంట్లో ఉన్న గాలినంతా కూడగట్టుకుని, తనకి వినబడని తన గొంతుతో, జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది.

"పాప!"

ఆయన చెవిలో వేలు పెట్టుకుని విసుగ్గా మొహం చిట్లించాడు. గాజు తలుపు అవతల గుమాస్తా కూడా అర్థంకాక చూస్తున్నాడు. ఆ రెండు మొహాలూ చూడగానే మూకీకి తెలిసిపోయింది, తన గొంతులోంచి ఏమని వచ్చిందో. బిస్కెట్టు పలుకు ఇంకా అతుక్కునే ఉన్న ఆ నోరు తెరుచుకుని, మెల్లగా అడిగింది.

"ఆ, అదే అడుగుతున్నాను. ఎక్కడ పెట్టారు ఆ మామని?"